ఏటీసీలో ఏఐ: వరంగల్‌లో ఉండి ఏ పరిశోధన చేయొచ్చు?

ఓరుగల్లు_ఎంటెక్ (హన్మకొండ)

అందరికీ నమస్కారం. నేను ఇక్కడే కంప్యూటర్ సైన్స్‌లో ఎంటెక్ చేస్తున్నాను. ప్రాజెక్టుకు విమానాల రాకపోకల నియంత్రణ, అంటే ఏటీసీ, తీసుకున్నాను. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీ వాళ్లు ఉచితంగా ఇచ్చే బ్లూస్కై అనే సిమ్యులేటర్ ఉంది, పైథాన్‌లో నడుస్తుంది. అందులో ఒక సెక్టార్ (ఒక కంట్రోలర్ చూసుకునే ఆకాశం ముక్క) గీసుకుని, రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో (మార్కులు వేస్తూ నేర్పే పద్ధతి) ఒక ఏజెంట్‌కు, అంటే నిర్ణయాలు తీసుకునే ప్రోగ్రామ్‌కు, విమానాలను ఎడంగా ఉంచడం నేర్పిస్తున్నాను. రెండు విమానాల మధ్య అడ్డంగా 5 నాటికల్ మైళ్లయినా ఉండాలి, లేదా ఎత్తులో 1000 అడుగుల తేడా అయినా ఉండాలి. రెండూ తప్పితే మైనస్ మార్కులు. అదొక్కటే దానికి నేర్పిన నియమం.

ఫలితాలు బాగున్నాయి. విమానాలు ప్రమాదకరంగా దగ్గరికి రావడం దాదాపు లేదు. కానీ మా గైడ్ సార్ ఒక్క ప్రశ్న అడిగారు: "కంట్రోలర్ సీట్లో ఉన్న మనిషి దీన్ని ఎందుకు నమ్మాలి?" అప్పటి నుంచి అదే ఆలోచన. మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025లో కేంద్రం ఆమోదం వచ్చింది కదా, ఈ రంగంలోనే స్థిరపడాలని ఉంది. తెలిసినవాళ్లు దారి చూపించండి.

కాజీపేట_జంక్షన్

విమానం గాల్లోకి లేవగానే ఆటోపైలట్ పెట్టేస్తారు కదా అన్నా. ఇంక ఏఐ చేయడానికి ఏం మిగిలింది? తెలియకనే అడుగుతున్నా.

టవర్_పెద్దాయన (సుబేదారి)

కాజీపేట తమ్ముడూ, ఆటోపైలట్‌కు దాని విమానం సంగతి మాత్రమే తెలుసు. చెప్పిన ఎత్తులో, చెప్పిన దిక్కులో వెళ్తుంది. పక్క విమానం ఎక్కడుందో, ఎవరు ముందు దిగాలో, ముందున్న మబ్బును ఎవరు ఎటు నుంచి తప్పించుకోవాలో చూసేది కింద ఉన్న కంట్రోలర్. నేను ఉద్యోగమంతా ఆ పనిలోనే ఉన్నాను, ఇప్పుడు హన్మకొండలో రిటైర్డ్ జీవితం.

ఆ పని ఎంత సున్నితమో చెప్పడానికి మన దేశంలో జరిగిందే ఒకటి చాలు. 1996 నవంబరు 12న, హర్యానాలోని చర్ఖీ దాద్రి మీద, ఢిల్లీ నుంచి పైకి ఎక్కుతున్న సౌదీ 747నూ, ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ ఇల్యుషిన్‌నూ ఒకే దారిలో నడిపించాల్సి వచ్చింది. రాకకూ పోకకూ అప్పట్లో వేరువేరు దారులు లేవు. సౌదీ విమానాన్ని 14,000 అడుగుల దగ్గర, కజక్ విమానాన్ని 15,000 దగ్గర ఉండమన్నారు. కజక్ విమానం ఆగాల్సిన చోట ఆగకుండా కిందికి దిగింది. కంట్రోలర్ ముందున్న రాడార్‌లో అప్పట్లో విమానాల ఎత్తు కనిపించేది కాదు. 349 మంది పోయారు, ఒక్కరూ మిగల్లేదు. ఆ తర్వాతే దారులు వేరు చేశారు, ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ పరికరం మన గగనతలంలో తప్పనిసరి అయింది.

ఇక ఎంటెక్ బాబూ, నీ ఏజెంట్ సంగతి. నువ్వు రాయలేదు కానీ నేనొకటి అడుగుతా. ఒక్కో విమానానికి అది ఎన్నిసార్లు ఆదేశాలు ఇస్తోంది? ఐదు డిగ్రీలు కుడికి, మళ్లీ మూడు డిగ్రీలు ఎడమకు, ఇలా ఇస్తుంటే అది పనికిరాదు. ప్రతి ఆదేశాన్నీ రేడియోలో చెప్పాలి, పైలట్ తిరిగి అప్పజెప్పాలి, సరిగ్గా అప్పజెప్పాడో లేదో మనం వినాలి. సెక్టార్ అంతటికీ ఫ్రీక్వెన్సీ ఒకటే. ఒకరు మాట్లాడుతుంటే మిగతా అందరూ ఆగాల్సిందే. మంచి కంట్రోలర్ పది నిమిషాల తర్వాత రాబోయే చిక్కును ఇప్పుడే చూసి ఒక్క మాటతో విప్పేస్తాడు.

ఓరుగల్లు_ఎంటెక్

సార్, మీరన్నది అక్షరాలా నిజం. లాగ్ తీసి చూశాను, చిన్న చిన్న మలుపులే ఎక్కువ. ఇప్పుడు ఒక్కో ఆదేశానికీ కొంత మార్కు తగ్గిస్తాను. ఆదేశానికీ విమానం తిరగడానికీ మధ్య కొంత ఆలస్యం కూడా పెడతాను. సిమ్యులేటర్‌లో అయితే చెప్పిన క్షణమే తిరిగిపోతోంది.

టవర్_పెద్దాయన

ఆలస్యం అన్నిసార్లూ ఒకేలా ఉంచకు. ఒక్కోసారి పైలట్ వెంటనే పలుకుతాడు, ఒక్కోసారి రెండుసార్లు పిలవాలి. అప్పుడప్పుడు కుదరదంటాడు కూడా, ముందు మబ్బు ఉందంటాడు. కుదరదన్నప్పుడు నీ ఏజెంట్ ఏం చేస్తుందో చూడు. అసలు పరీక్ష అక్కడే.

నర్సంపేట_ఏవియానిక్స్ (ప్రస్తుతం హైదరాబాద్)

నేను విమానాల్లో వాడే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఉద్యోగంలో ఉన్నాను. మీ గైడ్ గారి ప్రశ్నను మా వైపు నుంచి చూస్తే ఇంకా కఠినంగా ఉంటుంది.

విమానంలోకి వెళ్లే సాఫ్ట్‌వేర్‌కు డీవో-178సీ అనే ప్రమాణం ఉంది. అందులో మూల సూత్రం ఒకటే: కోడ్‌లోని ప్రతి భాగం ఎందుకు ఉందో చూపించాలి, ఏ అవసరం కోసం రాశారో, ఏ పరీక్షతో సరిచూశారో జాడ ఉండాలి. విమానాన్నే కూల్చే స్థాయి వైఫల్యం గంటకు నూరు కోట్లలో ఒక వంతు కంటే అరుదుగా ఉండాలన్నది లెక్క. డేటా నుంచి తానే నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌లో ఫలానా వెయిట్, అంటే లోపలి అంకె, 0.37 ఎందుకైందంటే ఎవరు చెప్పగలరు? డేటా అలా చెప్పింది, అంతే. అందుకే "మా మోడల్ 99.8 శాతం కరెక్ట్" అని పేపర్లలో కనిపిస్తే మా రంగంలో ఎవరూ తల ఊపరు. మిగతా 0.2 శాతం ఎప్పుడు, ఎక్కడ వస్తుందన్నదే మాకు కావాలి.

అలాగని దారి లేదనుకోకండి. టీకాస్ తర్వాతి తరం ఏకాస్ ఎక్స్. అమెరికాలో ఎంఐటీ లింకన్ లేబొరేటరీ దీన్ని తయారుచేసింది, 2018లో దానికి ప్రమాణం కూడా వచ్చింది. పాత టీకాస్‌లో ఇంజినీర్లు చేత్తో రాసిన నియమాలుంటాయి. కొత్తదానిలో సమస్యను సంభావ్యత లెక్కగా రాశారు: ఎదుటి విమానం ఇలా కదిలే అవకాశం ఇంత, ఫలానా సలహా ఇస్తే గుద్దుకునే ప్రమాదం ఇంత, అనవసరంగా పైలట్‌ను కంగారు పెట్టడానికి అయ్యే ఖర్చు ఇంత. ఈ లెక్కంతా నేల మీదే ముందుగా చేసి, పెద్ద పట్టికగా విమానంలో పెడతారు. గాల్లో చేసేది పట్టికలో చూసుకోవడమే. పట్టిక కాబట్టి గడి గడి పరీక్షించవచ్చు.

డ్రోన్ల కోసం చేసిన రకంలో ఆ పట్టిక గిగాబైట్లలోకి పెరిగిపోయింది. దాన్ని 45 చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌లుగా కుదించి చూశారు. ఒక్కోదానిలో 300 న్యూరాన్లే. అప్పుడు మళ్లీ అదే ప్రశ్న, ఈ నెట్‌వర్క్ ఎక్కడైనా తప్పు సలహా ఇస్తే? 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రీలూప్లెక్స్ అనే పద్ధతి తెచ్చారు. శాంపిళ్లు తీసి చూడటం కాకుండా, ఫలానా పరిధిలో ఏ ఇన్‌పుట్ వచ్చినా ఫలానా సలహా రాదు అని గణితపరంగా నిరూపించడం. చిన్న నెట్‌వర్క్‌లకు సాధ్యమైంది. పెద్దవాటికి లెక్క మోయలేనంత అవుతుంది. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా విలువైన పని ఇదే. తమ్ముడూ, నీ ఏజెంట్‌ను చిన్నగా ఉంచు, అది ఎప్పుడూ తప్పదనే ఒక్క నియమాన్నైనా నిరూపించు. పెద్ద మోడల్ కన్నా అది గట్టి థీసిస్ అవుతుంది.

జనగామ_లెక్కల_సార్

పట్టిక మాట బాగుంది. మేం చదువుకునే రోజుల్లో లాగరిథమ్ టేబుల్ ఇలాగే జేబులో ఉండేది, లెక్క ఎవరో ముందే చేసిపెట్టారు, మనం చూసుకునేవాళ్లం.

కానీ నాకొక అనుమానం. మనుషులు మాత్రం తప్పు చేయరా? 2002లో జర్మనీలోని ఉబర్‌లింగెన్ మీద రెండు విమానాలు గుద్దుకున్నప్పుడు యంత్రం సరిగ్గా చెప్పింది, మనిషి తప్పు చెప్పాడు. 71 మంది చనిపోయారు, చాలామంది బడి పిల్లలు. అలాంటప్పుడు ఆఖరి మాట యంత్రానికే ఇస్తే పోదా?

టవర్_పెద్దాయన

సార్, ఆ రాత్రి ఏం జరిగిందో పూర్తిగా చూడాలి. టీకాస్ రష్యన్ ప్రయాణికుల విమానాన్ని పైకి వెళ్లమంది, రెండోదైన సరుకు విమానాన్ని కిందికి దిగమంది. అదే సమయంలో కంట్రోలర్ రష్యన్ విమానాన్ని దిగమన్నాడు. ఇద్దరూ దిగారు. నిజమే. కానీ ఆ కంట్రోలర్ ఒక్కడే రెండు స్క్రీన్ల పని చూస్తున్నాడు. రెండు విమానాలు దగ్గరవుతున్నాయని తెర మీద చూపించే హెచ్చరిక మెయింటెనెన్స్ కోసం ఆపేసి ఉంది. ఫోన్ లైన్ల మీదా పని జరుగుతోంది, పక్క సెంటర్ వాళ్లు హెచ్చరిద్దామంటే కలవలేదు. ఆసరాలన్నీ ఒకేసారి తీసేసి, మిగిలిన ఒక్క మనిషి మీద తప్పు వేస్తే ఎలా?

అందులో మీరన్న న్యాయం కొంత అమలైంది కూడా. ఆఖరి క్షణాల్లో టీకాస్ చెప్పిందే పైలట్ పాటించాలి, కంట్రోలర్ మాట కాదు అని ఆ తర్వాత స్పష్టంగా రాశారు. ఆఖరి అర నిమిషం యంత్రానిదే. దానికి ముందున్న ఇరవై నిమిషాల గురించే మన చర్చ.

నర్సంపేట_ఏవియానిక్స్

దీనికి ఇంకొకటి కలుపుతాను. 2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో విమాన ప్రణాళికలను స్వీకరించే వ్యవస్థ ఆగిపోయింది. లాస్ ఏంజెలెస్ నుంచి పారిస్ వెళ్లే ఒక విమానం ప్రణాళికలో డీవీఎల్ అనే పేరుతో రెండు వేర్వేరు బిందువులున్నాయి, ఒకటి అమెరికాలో, ఒకటి ఫ్రాన్స్‌లో. సాఫ్ట్‌వేర్ తికమకపడి, తప్పు సమాచారం ఇవ్వడం కన్నా ఆగిపోవడం మేలని ఆగిపోయింది. బ్యాకప్ అందుకుంది, అదే ప్రోగ్రామ్, అదే ప్రణాళిక, అదీ ఆగిపోయింది. అందులో ఏఐ ఏమీ లేదు, మామూలు కోడ్. మనుషులు చేత్తో ఎక్కిస్తూ నడిపించారు కాబట్టి విమానాలు ఆలస్యమయ్యాయి, రద్దయ్యాయి, కానీ ఎవరికీ ఏమీ కాలేదు. 2025 నవంబరులో ఢిల్లీలో సందేశాలు చేరవేసే వ్యవస్థ చెడిపోయినప్పుడు కూడా కంట్రోలర్లు చేత్తోనే నెట్టుకొచ్చారు, వందల విమానాలు ఆలస్యమైనా.

అందుకే ఐరోపా భద్రతా సంస్థ ఈఏఎస్ఏ 2020లో వేసిన ఏఐ ప్రణాళికలో మూడు మెట్లు పెట్టుకుంది. మొదటి మెట్టులో ఏఐ మనిషికి సాయం చేస్తుంది. రెండో మెట్టులో ఇద్దరూ కలిసి పనిచేస్తారు. మూడోదే స్వయంగా నిర్ణయించేది. ఇప్పటిదాకా వివరమైన మార్గదర్శకాలు మొదటి రెండింటికే వచ్చాయి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2024 పత్రంలో ఇంకో తేడా చూపించింది: నేర్చుకోవడం ముగించి గడ్డకట్టించిన మోడల్ వేరు, ఎగురుతూ కూడా నేర్చుకుంటూ మారే మోడల్ వేరు. ముందు మొదటి రకం సంగతే చూద్దామన్నారు. సరైన పద్ధతి.

కరీంనగర్_స్వరం

నేను మాటను గుర్తించే టెక్నాలజీ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇక్కడ అందరూ విమానాలను ఎడంగా ఉంచడం గురించే మాట్లాడుతున్నారు కానీ, ఏఐ త్వరగా ఉపయోగపడే చోటు రేడియో మాట అని నా నమ్మకం.

కంట్రోలర్ ఒక ఆదేశం నోటితో చెప్పి, అదే మళ్లీ మౌస్‌తో తెర మీద ఎక్కించాలి. మాట వినగానే కంప్యూటరే ఎక్కించేస్తే ఆ శ్రమ పోతుంది. అంతకన్నా ముఖ్యం, పైలట్ తప్పుగా అప్పజెప్పినప్పుడు పట్టుకోవడం. 240 దిక్కుకు తిరగమంటే 250 అని పలికితే, వంద మాటల మధ్య అలసిన చెవి దాన్ని జారవిడవచ్చు. జర్మనీ విమాన, అంతరిక్ష పరిశోధన సంస్థ డీఎల్ఆర్ ఏళ్లుగా దీని మీద పనిచేస్తోంది. వాళ్లు వాడిన ఒక ఉపాయం నాకు చాలా నచ్చింది: ఆ క్షణంలో రాడార్‌లో ఉన్న విమానాల పేర్లు మోడల్‌కు ముందే ఇస్తారు. లేని విమానాన్ని ఎవరూ పిలవరు కదా. దాంతో పేరు గుర్తించడంలో తప్పులు బాగా తగ్గుతాయి.

మామూలు ఇంగ్లిష్ మీద తయారైన మోడల్ ఇక్కడ తడబడుతుంది. తొమ్మిదిని నైనర్ అంటారు, మూడును ట్రీ, ఐదును ఫైఫ్. ఇండిగో విమానాన్ని రేడియోలో ఐఫ్లై అని పిలుస్తారు. దానికి తోడు మన ఉచ్చారణ. తెలుగువాళ్లు, తమిళులు, పంజాబీలు, బెంగాలీలు, మధ్యలో గల్ఫ్ విమానాల పైలట్లు, అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో. ఐరోపాలో సేకరించిన రికార్డింగుల్లో ఈ గొంతులు ఎన్ని ఉంటాయి? ఈ పని మనం చేయకపోతే ఎవరూ చేయరు. అయితే ఎయిర్‌బ్యాండ్‌ను, అంటే విమానాల రేడియో మాటలను, సొంతంగా రికార్డు చేయడం మొదలుపెట్టొద్దు, అనుమతులు కావాలి. బేగంపేటలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి శిక్షణ కేంద్రం ఉంది, పరిశోధన సంస్థ కూడా ఉంది. మీ కాలేజీ తరఫున లేఖ రాయించి, శిక్షణలో జరిగే సిమ్యులేటర్ సంభాషణలు అడగండి.

నక్కలపల్లి_రోడ్డు (మామునూరు దగ్గర)

మీ చదువుల మాటలు నాకు కొన్నే అర్థమైనయి, కానీ మొత్తం చదివిన. మా చిన్నాయన పొలం ఎయిర్‌పోర్టు విస్తరణకు పోతున్నది. నిజాం కాలంలో కట్టిన ఎయిర్‌పోర్టు, 1981 దాకా విమానాలు దిగినయని మా నాయన చెప్పేవాడు. నాది ఒక్కటే ప్రశ్న. రేపు టవర్ కట్టినంక అందులో మనుషులు ఉంటరా, లేకుంటే ఎక్కడో కూర్చుని కంప్యూటర్‌తో నడిపిస్తరా? మా పిల్లలకు ఉద్యోగాలంటున్నరు, అందుకే అడుగుతున్న.

టవర్_పెద్దాయన

న్యాయమైన ప్రశ్న అన్నా. దూరం నుంచి నడిపే టవర్లు ఉన్నాయి. స్వీడన్‌లో 2015లో ఓర్న్‌షోల్డ్‌స్విక్ అనే చిన్న ఎయిర్‌పోర్టును సుండ్స్‌వాల్ నుంచి కెమెరాలతో నడపడం మొదలుపెట్టారు. లండన్ సిటీ ఎయిర్‌పోర్టుకు 2021 నుంచి కంట్రోలర్లు వంద కిలోమీటర్లకు పైగా దూరంలో కూర్చుంటున్నారు. కానీ రెండు చోట్లా కూర్చున్నది మనుషులే. కెమెరా బొమ్మలో ఏఐ విమానం చుట్టూ గడి గీస్తుంది, పక్షుల గుంపును, రన్‌వే మీదికి వచ్చిన బండిని చూపిస్తుంది. నిర్ణయం మనిషిదే.

మామునూరులో ఎలా చేస్తారో నేను చెప్పలేను. మీకు సూటిగా చెప్పాల్సింది ఇంకొకటుంది. ఎయిర్‌పోర్టులో కంట్రోలర్ ఉద్యోగాలు ఎప్పుడూ కొన్నే, అవి కూడా దేశం మొత్తానికి జరిగే పరీక్షతో వస్తాయి. ఊరి పిల్లలకు ఉద్యోగాలంటే మాట కాగితం మీద ఉండాలి. భూమి ఇచ్చేటప్పుడే ఫైర్, గ్రౌండ్ హ్యాండ్లింగ్, సెక్యూరిటీ, ఎలక్ట్రికల్ పనుల్లో ఎందరికి, ఏ శిక్షణ ఇచ్చి ఇస్తారో రాయించుకోండి.

పరకాల_బీఎస్సీ

సార్, నేను బీఎస్సీ ఫిజిక్స్ చేశాను, జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఏటీసీ పరీక్షకు చదువుతున్నాను. ఇదంతా చదివాక టెన్షన్ పట్టుకుంది. నేను ఉద్యోగంలో చేరి పదేళ్లయ్యేసరికి ఈ ఉద్యోగం ఉంటుందా?

కరీంనగర్_స్వరం

ఉంటుంది చెల్లీ, కానీ స్వభావం మారుతుంది. 1983లోనే లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ పరిశోధకురాలు ఒక చిక్కు చూపించింది. సులువైన పనంతా యంత్రానికి ఇచ్చేస్తే, మనిషికి మిగిలేది యంత్రం చేతులెత్తేసిన కష్టమైన క్షణమే. రోజూ చేతిలో పని లేని మనిషి ఆ క్షణంలో ఎలా అందుకుంటాడు? కాబట్టి మనిషి నైపుణ్యం పోకుండా సాయం చేసే పద్ధతి ఏమిటన్నది కూడా ఏఐ పరిశోధనే. కంట్రోలర్ అనుభవం ఉన్నవాళ్లే దాన్ని చేయగలరు. నువ్వు పరీక్షకు చదువు, గొంతు పరీక్షకు కూడా సాధన చెయ్యి.

నర్సంపేట_ఏవియానిక్స్

ఎంటెక్ తమ్ముడికి ఇంకో సంగతి. బ్రిటన్‌లో అలన్ ట్యూరింగ్ ఇన్‌స్టిట్యూట్, అక్కడి ఏటీసీ సంస్థ నాట్స్, ఎక్సెటర్ యూనివర్సిటీ కలిసి ప్రాజెక్ట్ బ్లూబర్డ్ చేస్తున్నాయి. గగనతలానికి డిజిటల్ ప్రతిరూపం కట్టి అందులో ఏఐ కంట్రోలర్లను దింపుతున్నారు. కొత్తగా చేరిన మనిషికి పెట్టే శిక్షణ పరీక్షలనే ఏఐకీ పెట్టి, శిక్షకులు చూసే కళ్లతోనే మార్కులు వేస్తున్నారు. భద్రంగా చేసిందా, పద్ధతిగా చేసిందా, అనవసరంగా తిప్పిందా అని. నమ్మకం గురించి మీ గైడ్ గారు అడిగినదానికి ఇది ఒక జవాబు. మన పెద్దాయన లాంటి అనుభవజ్ఞులు ఇద్దరు ముగ్గురిని ఒప్పించి నీ ఏజెంట్ రికార్డింగులకు మార్కులు వేయించు.

టవర్_పెద్దాయన

నేను సిద్ధం. ఆదివారాలు ఖాళీ.

ఓరుగల్లు_ఎంటెక్

అందరికీ చాలా కృతజ్ఞతలు. మీ మాటలు చదువుతుంటే నాకొక ఆలోచన వచ్చింది, తప్పో ఒప్పో చెప్పండి. ఏజెంట్ నిర్ణయం సరిగ్గా ఉండాలంటే ముందు విమానం ఎక్కడికి చేరుతుందో అంచనా సరిగ్గా ఉండాలి. పైకి ఎక్కే విమానం దగ్గరే అంచనా ఎక్కువ తప్పుతోంది, ఎందుకంటే దాని బరువు కింద ఉన్నవాళ్లకు తెలియదు. ఎయిర్‌లైన్స్ చెప్పవు. డెల్ఫ్ట్ వాళ్ల ఓపెన్‌ఏపీ అనే ఉచిత మోడల్ ఉంది, కానీ అలాంటివి చాలావరకు ఐరోపా విమానాల డేటాతో సరిచూసినవి. మన దగ్గర మే నెలలో రామగుండం వైపు 45 డిగ్రీలు దాటుతుంది. వేడి గాలి పలచగా ఉంటుంది, ఇంజన్ శక్తి తగ్గుతుంది, ఎక్కడం నెమ్మదిస్తుంది. శంషాబాద్ నుంచి కోల్‌కతా వైపు వెళ్లేవి సుమారుగా మన వరంగల్ దిక్కుగానే ఎక్కుతూ వెళ్తాయి. ఐరోపా డేటాతో నేర్చిన అంచనా మన ఎండాకాలంలో ఎంత తప్పుతుందో కొలిస్తే ఎలా ఉంటుంది?

నర్సంపేట_ఏవియానిక్స్

ఇది పట్టుకో. వదలకు. ఏ మోడల్ అయినా ఏ పరిస్థితుల పరిధిలో పనిచేస్తుందో ముందే గీత గీసి చెప్పాలని ఈఏఎస్ఏ అడుగుతోంది. మన మే నెల ఆ గీతకు లోపల ఉందా, బయట ఉందా అని చెప్పేది ఇక్కడివాళ్లే. బయట ఉంటే మోడల్ తనంతట తానే "ఇది నాకు తెలియని పరిస్థితి" అని చెప్పగలదా అన్నది రెండో అధ్యాయం.

టవర్_పెద్దాయన

మేము అనుభవంతో చేసేవాళ్లం. ఎండాకాలం మధ్యాహ్నం నిండుగా బయల్దేరిన విమానం ఫలానా బిందువుకు ఫలానా ఎత్తుకు రాదని తెలుసు, అడిగేవాళ్లం కాదు. దాన్ని నువ్వు అంకెల్లో చూపిస్తే కొత్తగా వచ్చే పిల్లలకు పనికొస్తుంది. జూన్ తర్వాత క్యుములోనింబస్ అనే ఉరుముల మబ్బులతో దారులే మారిపోతాయి, ఆ నెలలను ఇందులో కలపకు, వేరుగా చూడు.

ఓరుగల్లు_ఎంటెక్

తప్పకుండా సార్. విమానాల డేటా ఓపెన్‌స్కై నెట్‌వర్క్ (విమానాల సంకేతాలను రిసీవర్లతో పట్టి పోగుచేసేవాళ్లు) నుంచి అడుగుతాను, పరిశోధకులకు ఇస్తారు. పైన గాలి, ఉష్ణోగ్రతల డేటా ఎక్కడ దొరుకుతుంది?

జనగామ_లెక్కల_సార్

వాతావరణ శాఖ హైదరాబాద్ నుంచి బెలూన్లు వదులుతుంది బాబూ, పై గాలి, ఉష్ణోగ్రత కొలవడానికే.

నర్సంపేట_ఏవియానిక్స్

బెలూన్ లెక్క ఒక చోటిది, ఒక వేళది. దాన్ని సరిచూసుకోవడానికి ఉంచుకో. ఐరోపా వాతావరణ కేంద్రం వాళ్ల ఈఆర్ఏ5 డేటా గంటగంటకూ, ఎత్తు ఎత్తుకూ ఉచితంగా ఉంది, ముందు మే నెలది దించుకో. ఒక్కటి గుర్తుంచుకో: విమానం తన జాడను తానే ప్రసారం చేసే ఏడీఎస్-బీలో వచ్చే ఎత్తు 1013.25 హెక్టాపాస్కల్స్‌ను ఆధారం చేసుకుని పీడనం నుంచి లెక్కగట్టింది, నేల నుంచి కొలిచింది కాదు. వేడి రోజున ఈ రెండింటికీ తేడా ఎక్కువ. అందుకని వాతావరణ డేటాను కూడా పీడనం మట్టాల ప్రకారమే జతచెయ్యి, మీటర్ల ప్రకారం కాదు. ఓపెన్‌స్కైలో వరంగల్ చుట్టూ రిసీవర్లు ఎన్ని ఉన్నాయో కూడా ముందే చూసుకో. తక్కువగా ఉంటే ఎక్కే విమానాల జాడ మధ్యలో తెగిపోతుంది. అప్పుడు కాలేజీ మేడ మీద ఒకటి పెట్టడానికి మీ డిపార్ట్‌మెంట్ ద్వారా అనుమతి అడగాలి.